జాగ్రత్త: ‘కస్టమ్ ఏఐ సెర్చ్’ అంటూ 22 వేలకు మాకు అంటగట్టింది ఉచితంగా దొరికే గూగుల్ సెర్చ్ డబ్బా

విశాఖలో చిన్న షాపు నడుపుతూ దానికో వెబ్‌సైట్ కూడా పెట్టుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎంవీపీ కాలనీలో మాకు ఏటికొప్పాక బొమ్మల షాపు ఉంది. అమ్మా, మా ఆవిడా షాపు చూసుకుంటారు, వెబ్‌సైట్ గొడవ నాది. నాకు ఆ పని రాదు. రాదని తెలిసే నన్ను ఆడుకున్నారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు.

సైట్‌లో సుమారు 340 వస్తువులున్నాయి. లక్కపిడతలు, బొంగరాలు, గిలక్కాయలు, ఎడ్లబండ్లు, కొలువు సెట్లు. కావలసింది వెతుక్కోలేకపోతున్నామని కస్టమర్లు అంటుంటే, దసరా ముందు ద్వారకానగర్‌లో ఒక వెబ్ డిజైన్ ఆఫీసుకి వెళ్లాను. కొటేషన్ 22,000. అందులో పని వివరం ఒకే ఒక్క లైను: కస్టమ్ ఏఐ సెర్చ్ డెవలప్‌మెంట్. అక్కడే 15,000 యూపీఐలో కొట్టేశాను.

రెండు రోజుల్లో పెట్టేశారు. చూడటానికి బాగుందని ఒప్పుకోవాలి. బటన్‌కి లక్క పూసిన బొమ్మ మీద ఉండే ఎరుపు, గుండ్రటి అంచులు, ఏదైనా వెతికితే ఫలితాలు ఆ పేజీ మీదే తెరలా వచ్చి నిలబడేవి. మా వీధిలో ఇద్దరు షాపులవాళ్లకి వీళ్లనే సిఫార్సు కూడా చేశాను. ఆ ఇద్దరికీ తర్వాత నేనే వెళ్లి చెప్పుకోవలసి వచ్చింది.

నవంబరులో హైదరాబాద్ నుంచి మా పాత కస్టమర్ ఒకావిడ ఫోన్ చేశారు. “ఏమండీ, మీ సైట్‌లోనే లక్కపిడతలు అని కొట్టాను, పైన వచ్చింది నొక్కి కొన్నాను. తీరా వస్తే అన్నీ ప్లాస్టిక్‌వి. మీరు కూడా ఇలా మొదలుపెట్టారా?” మేం అంకుడు కర్ర తప్ప వేరేది ముట్టుకోం. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బొమ్మలవి. ఆవిడ నొక్కింది మా వస్తువు కాదు, మా ఫలితాల నెత్తిన కూర్చున్న వేరేవాళ్ల ప్రకటన. అమ్మ విని, “ఏట్రా ఇది? మన కొట్టు గుమ్మంలో వేరేవోడు గంప దించుకుని కూర్చున్నాడేటి?” అంది.

ఆఫీసుకి ఫోన్ చేస్తే, “యాడ్స్ గూగుల్ వేస్తుంది సార్, మా చేతిలో లేదు” అన్నారు. మీరే తయారుచేశామన్నారుగా, మధ్యలో గూగుల్ ఎందుకొచ్చిందని అడిగితే కాసేపు సడీచప్పుడూ లేదు. తర్వాత, గూగుల్ దగ్గర ప్రీమియం సైట్ సెర్చ్ ప్లాన్ కొని పెట్టామన్నారు. ఇంకో 4,000 ఇస్తే యాడ్స్ కనబడకుండా కోడ్ రాస్తామన్నారు.

అప్పుడు మా మేనల్లుణ్ణి పిలిచాను. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. కంప్యూటర్‌లో మా పేజీ తెరిచి కంట్రోల్ యూ నొక్కాడు, పేజీ వెనక కోడ్ అంతా వచ్చింది. అందులో సీఎస్ఈ (కస్టమ్ సెర్చ్ ఇంజిన్) అని వెతికి, “మావయ్యా, నీ 22 వేలు ఈ రెండు లైన్లే” అన్నాడు.

అది గూగుల్ వాళ్ల ప్రోగ్రామబుల్ సెర్చ్ ఇంజిన్. వెనకటి పేరు కస్టమ్ సెర్చ్, 2006 నుంచి ఉంది. ఎవరైనా తమ గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయి, ఏ సైట్‌లో వెతకాలో ఇచ్చి, ఫలితాలు తెరలా రావాలా, రెండు వరసల్లో రావాలా, విడి పేజీలో రావాలా ఎంచుకుని, రంగులు మార్చుకుంటే రెండు లైన్ల కోడ్ ఇస్తుంది. దాన్ని పేజీలో అతికించడమే. పైసా అక్కర్లేదు, బదులుగా గూగుల్ ప్రకటనలు వేసుకుంటుంది. స్వచ్ఛంద సంస్థలు, విద్యాసంస్థలు, ప్రభుత్వ ఆఫీసులైతే వాటిని ఆపుకోవచ్చు. బొమ్మలు అమ్ముకునేవాడికి ఆ వెసులుబాటు లేదు. ఇక ఆ ప్రీమియం ప్లాన్ సంగతి. ఏటా డబ్బు కట్టించుకుని ప్రకటనలు లేకుండా ఇచ్చే సైట్ సెర్చ్ అనేది గూగుల్‌కి ఒకప్పుడు ఉండేది. 2017లో అమ్మడం మానేసి 2018లో మూసేసింది. మూతపడ్డదాన్ని వీళ్లు నాకు ఎక్కణ్ణుంచి కొని తెచ్చారో! 4,000 తీసుకుని యాడ్స్ దాచేస్తామన్నది కూడా గూగుల్ నిబంధనలకు విరుద్ధమే, పట్టుబడితే సెర్చ్ మొత్తం ఆగిపోవచ్చు.

ఉచితంగా దొరికేదాన్ని అమ్మినందుకు నాకంత కోపం లేదు. రంగులు దిద్దారు, సెట్ చేశారు, దానికో రెండు మూడు వేలు తీసుకుంటే ఎవరూ కాదనరు. అసలు దెబ్బ సంక్రాంతికి తగిలింది. జనవరి మొదటి వారంలో బొమ్మల కొలువు కోసం 26 కొత్త సెట్లు సైట్‌లో పెట్టాం. సెర్చ్‌లో ఒక్కటీ రాలేదు. గూగుల్ వచ్చి చూసి తన లెక్కలో రాసుకున్న పేజీలే ఈ డబ్బాలో వస్తాయట. సైట్ యజమానుల కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ కన్సోల్‌లో మా సైట్ చేర్చి, పేజీల జాబితా ఇచ్చి, కొత్త పేజీని చూడమని అడిగి ఉంటే కొంత త్వరగా వచ్చేవి. వీళ్లు ఆ పనే చేయలేదు, చేయాలని మాకు చెప్పనూ లేదు. కనుమ వెళ్లిన నాలుగో రోజు నుంచి ఒక్కొక్కటే కనబడటం మొదలైంది. పండగ సరుకు పండగ అయ్యాక కనబడితే ఎవరికి కావాలి? పద్దెనిమిది సెట్లు ఇప్పటికీ అటక మీదున్నాయి.

మేనల్లుడు ఇంకొకటి కూడా చూపించాడు, నిద్రపట్టనివ్వనిది అదే. ఆ కోడ్‌లో సీఎక్స్ అని ఒక నంబరు ఉంటుంది, ఆ సెర్చ్ డబ్బా గుర్తింపు అది. మాదాంట్లో అది పార్ట్‌నర్ పబ్ అన్న మాటలతో మొదలైంది. అంటే, ప్రకటనల డబ్బులో వాటా గూగుల్ జమచేసే యాడ్‌సెన్స్ అకౌంట్ ఒకదానికి కట్టి ఉందన్నమాట. ప్రకటన ఎవరైనా నొక్కితే అందులో వాటా ఆ అకౌంట్‌కి వెళ్తుంది. సెర్చ్ ప్రకటనల్లో ఆ వాటా 51 శాతమని 2010లో గూగులే చెప్పింది. మాకు యాడ్‌సెన్స్ అకౌంటే లేదు. హైదరాబాద్ ఆవిడ నొక్కిన నొక్కుకి వాటా ఎవరి జేబులోకి వెళ్లిందో మీరే అనుకోండి. మొత్తంగా పెద్ద డబ్బేమీ కాకపోవచ్చు. కానీ మా కస్టమర్ బయటికి పోతే మేం డబ్బిచ్చి పెట్టుకున్నవాడికి లాభం రావడం ఎంత చోద్యం!

లాగిన్ ఇవ్వమని అడిగితే అది కంపెనీ అకౌంట్ అన్నారు, ఇవ్వడం కుదరదన్నారు. ఏడాదికి 6,000 మెయింటెనెన్స్ కడితే మార్పులు వాళ్లే చేస్తారట.

కాబట్టి మీరెవరైనా ఇలాంటిది పెట్టించుకుంటుంటే అడ్వాన్స్ ఇవ్వకముందే, ఇది ఎవరి అకౌంట్‌లో తయారవుతుందని అడగండి. మీ జీమెయిల్‌తో, మీ ఎదురుగా చేయమనండి. చేయనంటే అక్కడే లేచి వచ్చేయండి. వాళ్లు ఇంతకుముందు చేసిన సైట్ ఒకటి తెరిపించి, అందులో ఏదైనా గిరాకీ ఉన్న వస్తువు పేరు మీరే టైప్ చేసి చూడండి, ప్రకటనలొస్తే అక్కడే బయటపడతాయి. కొత్త వస్తువు పెడితే ఎన్ని గంటల్లో సెర్చ్‌లోకి వస్తుందో కొటేషన్‌లో రాయించుకోండి. ఇప్పటికే పెట్టించేసుకున్నవాళ్లు పైన చెప్పినట్టు కంట్రోల్ యూ కొట్టి ఆ సీఎక్స్ నంబరు ఒకసారి చూసుకోండి.

మేం ఆ డబ్బా పీకేశాం. 340 వస్తువులకు గూగుల్ దాకా వెళ్లక్కర్లేదని ఫ్యూజ్ జేఎస్ అనే ఉచిత కోడ్‌తో ఒక ఆదివారం మేనల్లుడే వేరేది కట్టాడు. వస్తువుల జాబితా మా సైట్‌లోనే ఒక ఫైల్‌లో ఉంటుంది, వెతకడం కస్టమర్ బ్రౌజర్‌లోనే జరిగిపోతుంది. జాబితాలో చేర్చిన వెంటనే కొత్త సెట్టు కనబడుతోంది. ఇంగ్లిష్ అక్షరాల్లో లక్కపిడతలు రాసేటప్పుడు ఒకరు త దగ్గర హెచ్ పెడతారు, ఒకరు పెట్టరు, ఇంకొకరు మధ్యలో ఖాళీ వదుల్తారు. దగ్గరగా ఉన్న మాటల్ని ఇది పట్టుకుంటుంది, పట్టనివాటికి అమ్మ చెబుతుంటే మారుపేర్లు రాసుకున్నాం. వేల వస్తువులుంటే ఇది సరిపోదని కూడా వాడే చెప్పాడు.

డబ్బు కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. వ్యాపారం కోసం కొన్న సేవ అంటే మామూలుగా వినియోగదారుడి కింద లెక్క కాదట. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్న వస్తువులకు 2019 చట్టంలో మినహాయింపు ఉంది, సేవలకు వర్తిస్తుందో లేదో చూడాలి. అమ్మా, మా ఆవిడా కూర్చుంటే తప్ప నడవని కొట్టు మాది, ఆ మాటే రాసిచ్చాను. కొటేషన్, యూపీఐ రసీదు, ప్రకటనలు కనబడుతున్న స్క్రీన్‌షాట్లు జత చేశాను. డబ్బా పీకేయకముందే స్క్రీన్‌షాట్లు తీయించినందుకు మేనల్లుడికి దండం పెట్టాలి.

మిగతా 7,000 కోసం వాళ్లింకా ఫోన్ చేస్తూనే ఉన్నారు. నేను ఎత్తడం లేదు, అమ్మ ఎత్తుతోంది. “నీ యాడ్‌ల డబ్బు లెక్క పట్టుకొచ్చి చూపించు బాబూ, అందులోంచి మినహాయించుకుందాం” అంటోంది.