టెంపరేచర్ సెన్సార్ మీద డౌటా? స్కానర్ పెట్టాలా, మల్టీమీటర్ పట్టాలా?

పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా బండి అందుకోదు, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, మైలేజ్ పడిపోతుంది. మెకానిక్ చూడకుండానే "సెన్సార్ మార్చేద్దాం అన్నా" అంటాడు. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఎంత వేడిగా ఉందో బండి కంప్యూటర్‌కి చెప్పేదే ఈ సెన్సార్. ఆగండి, ముందు చెక్ చేయండి.

ఖర్చు: వోల్టులు, ఓమ్‌లు కొలిచే మల్టీమీటర్ చవక. బండి కంప్యూటర్ రీడింగులు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ స్కానర్‌కి ఇంకొంచెం ఎక్కువ, అంతే.

శ్రమ: స్కానర్‌ని స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో (బండి కంప్యూటర్‌కి కలిపే సాకెట్) గుచ్చి ఫోన్‌లో చూడటమే. రాత్రంతా ఆగిన బండిలో కూలెంట్ రీడింగ్, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి రీడింగ్ దాదాపు ఒకటే ఉండాలి. మొన్న జనవరిలో హన్మకొండలో మా బండి మైనస్ 40 డిగ్రీలు చూపించింది! మన దగ్గర అంత చలెక్కడిది? పీ0118 అనే ఫాల్ట్ కోడ్ కూడా పడింది, అంటే సర్క్యూట్ ఎక్కడో తెగింది. కానీ సెన్సార్‌లోనా, వైరులోనా అన్నది స్కానర్ చెప్పదు.

మల్టీమీటర్‌తో చేయి నల్లగా అవుతుంది గానీ తేలిపోతుంది. సెన్సార్‌కి పెట్టిన వైరు ప్లగ్ పీకి సెన్సార్ పిన్నుల మధ్య రెసిస్టెన్స్ చూస్తే, చల్లగా ఉన్నప్పుడు చాలా బండ్లలో రెండు మూడు వేల ఓమ్‌లు, ఇంజిన్ వేడెక్కాక రెండు మూడు వందలు రావాలి. మాది బాగానే ఉంది. ఇగ్నిషన్ ఆన్ చేసి ప్లగ్ వైపు చూస్తే 5 వోల్టులు రావాలి, రాలేదు. టేపు విప్పితే ఎలుక కొరికిన వైరు!

రిస్క్: స్కానర్‌తో ఏమీ లేదు. మల్టీమీటర్ పట్టినప్పుడు ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, చేతులు జాగ్రత్త.

ములుగు రోడ్డెక్కాక అప్పుడప్పుడు వచ్చి పోయే ప్రాబ్లమ్ అయితే స్కానరే, పక్క సీట్లో వాళ్లకి ఫోన్ ఇచ్చి చూడమనండి. ఓబీడీ పోర్టు లేని పాత బండైనా, రీడింగ్ కదలకుండా ఒకేచోట ఉన్నా మల్టీమీటర్ తీయండి.