నాదస్వరం కోసం నెల్లూరు వెళ్లి వచ్చాం

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక పెద్ద షోరూం వాళ్లు స్పీకర్ల కోసం మా దగ్గర 2,000 అడ్వాన్సు తీసుకుని, సరుకు లేదని తేలాక కూడా డబ్బు తిరిగివ్వకుండా చేతిలో చీటీ పెట్టారు. అదే ఊళ్లో, మర్నాడే, ఒక మైక్ సెట్టాయన మా నాన్నని రెండున్నర గంటలు కుర్చీలో కూర్చోబెట్టి, పైసా అడగకుండా పాటలు వినిపించారు. ఈ రెండూ రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మాది ఒంగోలు. నాన్నకి 72 ఏళ్లు. ఆయన పుట్టి పెరిగింది కరవది పక్క ఊళ్లో. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారిది కరవదే. ఆయన తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు, అయినా నాన్నకి ఇప్పటికీ 'మా సాయిబు గారే'. ఇంట్లో టీవీ కింద ఒక సౌండ్ బార్ ఉంది. దాంట్లో నాదస్వరం పెడితే తిరనాళ్లలో పిల్లలు ఊదే పీపీలా ఉంటుంది, డోలేమో గోడ అవతల ఎవరో తలుపు బాదినట్టు ఉంటుంది. రెండు నిమిషాలు విని, "ఆపెయ్ రా అబ్బయ్యా" అనేసేవారు. అందుకే ఈసారి ఒక జత మంచి స్పీకర్లకి, వాటికి పవరిచ్చే ఆంప్లిఫయర్‌తో కలిపి 40,000 పక్కన పెట్టాను. మిగిలితే వెంకటగిరి చీర కొంటానని మా ఆవిడకి మాటిచ్చాను.

పినాకినిలో వెళ్లాం. రైలు ఇబ్బందేమీ పెట్టలేదు.

షోరూంలో అడుగుపెట్టగానే రంగురంగుల లైట్లు వెలిగే నిలువెత్తు స్పీకరు ఆన్ చేశారు. బేస్ ఎంత పెంచారంటే కౌంటరు మీద గ్లాసులో నీళ్లు కదులుతున్నాయి. "పదివేల వాట్స్ సార్" అన్నాడు కుర్రాడు. ఆర్.ఎం.ఎస్., అంటే ఆగకుండా ఇచ్చే అసలు పవరు, ఎంత అని అడిగితే మొహం చూశాడు. పెట్టె మీద రాసినది పి.ఎం.పి.ఓ. వాట్స్, అంటే క్షణం పాటు రాగలదని చెప్పుకునే గరిష్ఠ పవరు. దానికో ప్రమాణమంటూ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకోవచ్చు. వెనక చిన్న అక్షరాల్లో ఉండే ఆర్.ఎం.ఎస్. అంకే మనకి పనికొచ్చేది. నేను అడిగింది మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, అంటే స్టాండు మీదో బల్ల మీదో పెట్టుకునే చిన్నవి, ఒక జత. పెన్ డ్రైవ్ ఇచ్చి నాదస్వరం పెట్టమన్నాను. "ఆ పాటలకి ఇంత ఖర్చెందుకు సార్, ఫోన్‌లో వినొచ్చుగా" అన్నాడు. నాన్న విన్నారు. ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ నలభై నిమిషాల్లో ఆయన కూర్చోవడానికి ఒక్క స్టూలు కూడా వేయలేదు.

మేనేజరు వచ్చి, మీరడిగిన జత గోడౌన్‌లో ఉంది, 2,000 కడితే సాయంత్రానికి తెప్పిస్తామన్నాడు. కట్టాను. తప్పు నాదే, బిల్లు మీద మోడల్ పేరు రాయించుకోలేదు. సాయంత్రం వెళ్తే 5.1 హోం థియేటరు పెట్టె చూపించి ఇదే తీసుకోండన్నారు. వద్దు, డబ్బు ఇచ్చేయండంటే, "క్యాష్ రిటర్న్ లేదు సార్, 30 రోజుల్లో ఏదైనా కొనుక్కోండి" అని చీటీ రాసిచ్చారు. తెరిచి వినిపించమంటే, పెట్టె తెరిస్తే వెనక్కి తీసుకోం అంటారు. తెరవకుండా కొనడానికి ఇదేమన్నా పప్పు డబ్బానా?

ఆ రాత్రి లాడ్జి ఇంకో ఎత్తు. బస్టాండు దగ్గర ఏసీ గది 1,600, నాన్నకి అదనపు మంచం 400. బోర్డు మీద 24 గంటలూ వేడినీళ్లని ఉంది, అడిగితే పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే అన్నారు. దుప్పటి మీద పాత మరకలు. వెనకాల ఫంక్షన్ హాలు, పదకొండున్నర దాకా డీజే. మా ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని, "రంగనాయకుల గుడికి తీసుకెళ్తారనుకుని వచ్చాను" అంది. అంతకు మించి ఒక్క మాట లేదు. నెల్లూరులో గది తీసుకునేవాళ్లు ముందు కిటికీ తీసి వెనకేముందో చూడండి. నేను చూడలేదు.

పొద్దున టీ తాగడానికి కిందికి దిగితే, ఆ డీజే సామాన్లు ఆటోలోకి ఎక్కిస్తున్న కుర్రాడు కనిపించాడు. మా నాన్నకి నిద్ర లేకుండా చేశారయ్యా అని నిలదీశాను. పాపం, నొచ్చుకున్నాడు. మాటల్లో మేమెందుకొచ్చామో చెబితే, "మా ఓనరు కాడికి పోండన్నా, ఆయనకి పాత పాటల పిచ్చి" అన్నాడు. స్టోన్‌హౌస్‌పేటలో సందు గుర్తులు చెప్పాడు.

మేడ మీద గది. పదడుగులకి పన్నెండు ఉంటుంది. గోడకి పాత బొంతలు వేలాడదీసి ఉన్నాయి. ఆ మైక్ సెట్ ఓనరుకి అరవై దాటి ఉంటాయి, తన పేరు ఎక్కడా రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. నాన్నని చూడగానే చేతుల కుర్చీ తెచ్చి గదిలో ఒక చోట వేసి, "ఈడ కూచోండన్నా" అన్నారు. తర్వాత జేబులోంచి నూలు దారం తీశారు. ఒక కొస నాన్న చేతికిచ్చి ముక్కు దగ్గర పట్టుకోమన్నారు. రెండో కొస ఎడమ స్పీకరు దాకా లాగి అక్కడ ముడి వేశారు. అదే ముడిని కుడి స్పీకరు వైపు తిప్పితే జానెడు అందలేదు. ఆ స్పీకరుని జానెడు ముందుకి జరిపారు. స్టాండ్ల కింద రెండు చెక్క ముక్కలు పెట్టి, పైనుండే, సన్నటి స్వరాలు పలికే చిన్న గుండ్రటి ట్వీటరు నాన్న చెవి ఎత్తుకి తెచ్చారు. ఇదంతా అయ్యాకే పెన్ డ్రైవ్ అడిగారు.

పాట మొదలైంది. నాదస్వరం కుడి పెట్టెలోంచీ రాలేదు, ఎడమ పెట్టెలోంచీ రాలేదు. రెండిటి నడుమ, ఏమీ లేని చోట, మనిషి నిలబడి వాయిస్తున్నట్టు వినిపించింది. డోలు ఆయనకి కాస్త ఎడంగా ఉంది. నాన్న కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

మూడు జతలు వినిపించారు. మొదటిది ఎడిఫయర్ ఆర్1280టి. ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది, రెండూ కలిపి 42 వాట్స్ ఆర్.ఎం.ఎస్., లావు శబ్దాలు పలికే వూఫరు నాలుగంగుళాలు. పడగ్గదికో, చదువుకునే బల్లకో అయితే ఇదే కొనండని నేనే చెబుతాను, వేరే ఖర్చుండదు. గొంతు చక్కగా పలికింది, డోలు దగ్గర కొంచెం పలచబడింది. రెండో జతకి అల్యూమినియం ట్వీటరు. చాలా స్పష్టంగా ఉంది కానీ సన్నాయి పైస్థాయికి వెళ్లేసరికి నాన్న తల పక్కకి తిప్పుకున్నారు. మూడోది డాలి స్పెక్టర్ 2. అయిదుంబావు అంగుళాల వూఫరు, మెత్తటి గుడ్డ ట్వీటరు, సెన్సిటివిటీ 88 డెసిబెల్స్.

ఆ 88 అంకె సంగతి ఆయన చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. "ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరాన ఎంత గట్టిగా పలుకుద్దో అది. మూడు డెసిబెల్స్ తక్కువుండే స్పీకరుకి అంతే సౌండు రావాలంటే రెట్టింపు వాట్స్ పొయ్యాల నాయనా. మీ గదికి పాతిక ముప్పై మంచి వాట్స్ చాలు." ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు. జత మార్చిన ప్రతిసారీ ఫోన్‌లో సౌండు కొలిచే యాప్ పెట్టి మూడిటినీ ఒకే స్థాయికి తెచ్చేవారు. కొంచెం గట్టిగా మోగేదే ఎవరికైనా బాగుందనిపిస్తుందట, షాపుల్లో మోసం అక్కడే జరుగుతుందట. స్పీకరు పెట్టెని వేలి కణుపుతో తట్టి కూడా చూపించారు. బోలుగా డబ్‌మంటే పల్చటి చెక్క, అదీ పాటతో పాటు మోగుతుంది.

నాన్న కళ్లు మూసుకుని మూడో జతే కావాలన్నారు. అది ఆయన ఏడాది వాడిన సొంత జత. 19,000 అన్నారు. బేరమాడాలనిపించలేదు. ఆంప్లిఫయరు ఆయన ఫోన్ చేసి చెప్పిన చిన్న షాపులో దొరికింది. యమహా ఆర్-ఎస్202, ఎఫ్ఎం రేడియో, బ్లూటూత్ రెండూ ఉన్నాయి, 17,500. పెట్టె మా ముందే విప్పి, పాట పెట్టి, వారంటీ కార్డు మీద ముద్ర వేసి ఇచ్చారు. రాగి వైరు పది మీటర్లు 550. మొత్తం 37,050. వైరు రాగిదే తీసుకోండి, పైన రాగి పూత పూసిన అల్యూమినియం వైరు కూడా అమ్ముతున్నారు, కొస చాకుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది.

మధ్యాహ్నం ఆయనే పంపిన మెస్‌లో తిన్నాం. మొలగొలుకుల అన్నం, ముందు రోజు రాత్రి కాచిన కొరమేను పులుసు, అందులో పచ్చిమామిడి ముక్కలు. మనిషికి 180. పులుసు చిక్కగా, ముక్క చెదరకుండా ఉంది. మా ఆవిడ రెండోసారి అడిగి వడ్డించుకుంది, అప్పటికి గానీ ఆమె మొహం తేటపడలేదు. సాయంత్రం పెన్న ఒడ్డున రంగనాయకుల దర్శనం అయింది. దారిలో తిప్పరాజువారి వీధి కూడా చూశాం. బాలు గారి కుటుంబం ఇల్లు అక్కడే, 2020లో ఆయన దాన్ని వేద పాఠశాలకని కంచి పీఠానికి ఇచ్చేశారు. నాన్న వీధి మొదట్లో కాసేపు నిలబడి వచ్చారు.

లెక్క ప్రకారం 2,950 మిగలాలి. షోరూం చీటీ పోను 950 మిగిలింది. వెంకటగిరి చీర వాయిదా పడింది, అది నాకు బాధగానే ఉంది.

ఇంటికొచ్చాక స్పీకర్లని గోడకి ఆనించి పెడితే డోలు ముద్దముద్దగా వినిపించింది. వాటికి గాలి వదిలే గొట్టం వెనక ఉంటుంది. జానెడు ముందుకి లాగి, దారంతో మళ్లీ కొలిచి పెట్టాను. ఆ రాత్రి ఆలాపన మధ్యలో విద్వాంసుడు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. నాన్న వేలెత్తి నా వైపు చూశారు.

చీటీ గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. ఆదివారం వెళ్లి నా రెండు వేలు అడుగుతాను, ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇస్తాను. నాన్న కూడా వస్తానంటున్నారు, షోరూంకి మాత్రం కాదట. మేడ మీద ఆయన దగ్గర క్యాసెట్ డెక్ చూశారు. అటక మీద నుంచి పాత క్యాసెట్లు దింపించి, ఒక్కోటీ పంచె కొసతో తుడిచి సంచీలో సర్దుతున్నారు.