మూడేళ్లుగా అంకీతో గ్రూప్-2 చదువు

అంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ గురించి తెలిసేనాటికే పాలిటీ పుస్తకాన్ని నాలుగుసార్లు తిరగేశాను. పేజీ చూడగానే అంతా వచ్చినట్టే ఉండేది. మాక్ టెస్టులో ‘రాజ్యాంగంలోని 371-డి అధికరణ ఏ సవరణతో వచ్చింది?’ అని అడిగితే మాత్రం 32కీ 42కీ మధ్య ఊగిసలాట. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు అని తెలిసేసరికి నాకు ఒక అటెంప్ట్ పోయింది.

అంకీ ప్రశ్న చూపిస్తుంది, మనం జవాబు తలుచుకున్నాక కార్డు తిప్పుతుంది. వచ్చిందో రాలేదో మనం నొక్కేదాన్ని బట్టి ఆ కార్డు రేపు రావాలా, నెల తర్వాతా అన్నది లెక్కేస్తుంది. దీని వెనకున్న పరిశోధన పాతదే. అర్థంలేని అక్షరాలను తానే బట్టీపట్టి, ఎన్నాళ్లకు ఎంత మరుపు వస్తుందో జర్మనీలో మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ కొలిచి 1885లోనే అచ్చువేశాడు. 2006లో మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగం నన్ను కదిలించింది. ఒకే పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లది పైచేయి. వారం తర్వాత పెడితే రాసినవాళ్లది. నా నాలుగు రివిజన్లు ఎటు పోయాయో అప్పుడు అర్థమైంది.

మొదట్లో ముల్కీ నిబంధనల చరిత్ర మొత్తం ఒకే కార్డులో పెట్టాను. సగం గుర్తొచ్చేది, సగం రాదు. మరి ఏ బటన్ నొక్కాలి? ఇప్పుడు కార్డుకు ఒక్కటే సంగతి. ‘371-డి ఏ సవరణ? 32.’ ‘ఏ సంవత్సరం? 1973.’ ‘ఏ పథకాన్ని అమలు చేయడానికి? ఆరు సూత్రాల పథకం.’ మూడూ వేర్వేరు కార్డులు. ఇంకో మాట, మరిచిపోయిన కార్డుకు ‘హార్డ్’ నొక్కకండి. హార్డ్ అంటే కష్టపడ్డా వచ్చిందని. రాకపోతే ‘అగైన్’ నొక్కాల్సిందే. ఇది తెలియక ఆర్నెల్లపాటు రాని కార్డులను కూడా దూరం జరుపుకుంటూ పోయాను.

హాస్టల్లో జూనియర్ ఒకమ్మాయి “అక్కా, మీ డెక్ ఇస్తారా?” అంటే నా కార్డుల కట్ట మొత్తం ఇచ్చాను. రెండు వారాల్లో వదిలేసింది. తప్పు తనది కాదు. అవి నేను చదివి, అర్థం చేసుకుని, నా మాటల్లో రాసుకున్న కార్డులు. తనకు విడివిడి ముక్కలే కదా! ద్రవ్యోల్బణం పెరిగితే రెపో రేటు ఎందుకు పెంచుతారో కార్డుతో ఒంటబట్టదు. దానికి పుస్తకం కావాలి, క్లాసు కావాలి, పక్కవాళ్లతో వాదన కావాలి.

తమ్ముడి పెళ్లికని పది రోజులు ముట్టుకోలేదు. తిరిగొచ్చేసరికి 900 కార్డులు పేరుకుపోయాయి. కొత్తవి ఆపేసి, రోజుకు 200 చొప్పున లాగించాను. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు రోజుకు 10 కొత్త కార్డులు చాలు. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో అంకీ ఉచితం, ఐఫోన్ యాప్‌కు డబ్బు కట్టాలి. కార్డు మళ్లీ ఎప్పుడు రావాలో లెక్కేయడానికి 2023లో చేర్చిన కొత్త పద్ధతి ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ ఆన్ చేశాక నాకు రోజువారీ కార్డులు తగ్గాయి.

మొన్న బస్సులో 371-డి కార్డు పద్నాలుగు నెలల తర్వాత ఎదురైంది. ప్రశ్న పూర్తిగా చదవకముందే నోట్లో 32 మెదిలింది. ‘గుడ్’ నొక్కితే, మళ్లీ రెండున్నరేళ్లకు వస్తానంది.