ఇంగ్లీషు ఇడియమ్స్: బట్టీయా, తెలుగుతో జతా?

విజయనగరం గంటస్తంభం దగ్గర ఇడియమ్స్ పుస్తకం పట్టుకుని, కొనాలా వద్దా అని మా మేనల్లుడు తటపటాయించాడు. దారులు రెండు: ఇడియమ్స్ (జాతీయాలు) బట్టీ పట్టడం, లేదా ఒక్కోదాన్నీ అదే అర్థమున్న తెలుగు మాటతో జత కట్టి గుర్తుపెట్టుకోవడం.

ఖర్చు: బట్టీకి పుస్తకం కావాలి. జతకి అమ్మమ్మ మాటలు చాలు.

శ్రమ: బట్టీకి రోజూ తిరగేయాలి. జతలో 'టర్న్ ఎ డెఫ్ ఇయర్' అంటే పెడచెవిన పెట్టడం, 'లెండ్ ఎ హ్యాండ్' అంటే ఓ చెయ్యి వెయ్యడం. అయిపోయింది.

రిస్క్: ఇక్కడే జత ముంచుతుంది. మనకి కాలు పట్టి లాగడమంటే ఎదిగేవాణ్ణి కిందికి దించడం. 'పుల్ సమ్‌వన్స్ లెగ్' అంటే ఆటపట్టించడమే. 'కోల్డ్ ఫీట్'కి జ్వరంతో పనిలేదు, ఆఖరి నిమిషంలో భయపడి వెనక్కి తగ్గడం. 'బ్రేక్ ఎ లెగ్' ఏమో స్టేజి ఎక్కేవాడికి చెప్పే శుభాకాంక్ష! (మా అత్త వింటే ఊరుకోదు.)

పరీక్ష పది రోజుల్లో ఉంటే బట్టీ. మాట్లాడటానికైతే జత, కాళ్లున్నవి మాత్రం విడిగా బట్టీ పట్టాల్సిందే.