హార్ట్‌వెల్ టావెర్నా, వేసైడ్ ఇన్నా: ఏది మేలు?

బోస్టన్‌లో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకు పాతకాలపు పూటకూళ్ళ ఇల్లు, దాని పొలం చూపించాలనుకునేవాళ్ళు అడిగేది ఇదే: లింకన్‌లోని హార్ట్‌వెల్‌కా, సడ్‌బరీలోని వేసైడ్‌కా?

పేరు వేసైడ్‌దే. డేవిడ్ హౌ 1716లో లైసెన్సు తీసుకున్నాడు. 1861 దాకా నాలుగు తరాలు ఆ కుటుంబమే నడిపింది. 1863లో వెలువడిన అమెరికన్ కవి లాంగ్‌ఫెలో కథాకావ్యంతో దేశమంతా తెలిసింది. ఇప్పటికీ భోజనం, బస దొరుకుతాయి. అయితే కనిపించేదంతా హౌల నాటిదనుకోవద్దు. 1923లో కొన్న హెన్రీ ఫోర్డ్ పాత బడిని వేరే ఊరినుంచి తెప్పించాడు, 1929లో పిండిమర, తర్వాత చర్చి కట్టించాడు. ఇంటి ముందునుంచి పోయే హైవేను పక్కకు మళ్ళించాడు. 1955 డిసెంబరులో ఇల్లు అంటుకుని లోపల చాలా కాలిపోయింది. బాగుచేసి 1958లో తెరిచారు.

నా లెక్కలో తేల్చేది రోడ్డూ పొలమూ. ఆ రోజుల్లో పూటకూళ్ళ ఇంట్లో మనిషికి అన్నం పెడితే సరిపోదు, గుర్రానికి ఎండుగడ్డి, ఓట్స్ ఉండాలి. మందలు తోలుకొచ్చేవాళ్ళకు రాత్రికి కంచె వేసిన బీడు కావాలి. సొంత పొలం లేనివాడు ఇవన్నీ కొని పెడితే మిగిలేదేముంది? హార్ట్‌వెల్‌లో ఈ లంకె నేలమీదే కనిపిస్తుంది. ఎఫ్రాయిమ్ హార్ట్‌వెల్ దంపతుల కాపురానికి 1733లో కట్టిన ఇల్లది. లైసెన్సు 1756లో గాని రాలేదు. ముందు సేద్యం, ఆ తర్వాతే పూటకూళ్ళు. ఆ చాకిరీలో వయొలెట్ అనే బానిస స్త్రీ వంతూ ఉంది. గుమ్మం ముందు నేటికీ తారు లేని బాటే, అటూ ఇటూ చేలల్లో ఏరిన రాళ్ళతో పేర్చిన గోడలు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన రోజు, 1775 ఏప్రిల్ 19న, పక్క ఊరు కాంకర్డ్ నుంచి వెనుదిరిగిన బ్రిటిష్ సైన్యం తూటాల మధ్య ఈ బాటనే పోయింది.

లెక్సింగ్టన్‌లో బక్‌మన్ టావెర్న్ కూడా ఉంది. చరిత్రకు సరే, చుట్టూ పొలం మాత్రం లేదు.

హార్ట్‌వెల్ లోపలికి వెళ్ళనిచ్చేది వేసవి, శరత్కాలాల్లోనే. తెరిచే వేళలు ముందే చూసుకోండి. బయట తిరగడానికి ఏ నెలైనా పరవాలేదు, టికెట్ లేదు. కారు 2ఎ రోడ్డు పక్క పార్కింగ్‌లో పెట్టి కాస్త నడవాలి. అక్కడ తిండి దొరకదు. భోజనం వేసైడ్‌లో చేయాలనుకుంటే, వారాంతమైతే టేబుల్ ముందే బుక్ చేసుకోండి.