స్ట్రాస్ వాల్ట్జ్‌లు పియానో మీద: గ్రూన్‌ఫెల్డ్, షుల్ట్స్-ఎవ్లర్, గొడోవ్‌స్కీ – ఏది మేలు?

యోహాన్ స్ట్రాస్ వాల్ట్జ్‌ని (మూడు బీట్ల నాట్య సంగీతాన్ని) పియానో మీద ఘనంగా వాయించాలనుకునేవాళ్ల చూపు ముందుగా 'బ్లూ డాన్యూబ్' మీద షుల్ట్స్-ఎవ్లర్ రాసిన అరబెస్క్‌ల (పాట చుట్టూ అల్లిన అలంకారాల) మీదే పడుతుంది. పియానిస్టు జోసెఫ్ లెవీన్ 1928లో చేసిన రికార్డింగ్ విన్నాక అలా పడకుండా ఎలా ఉంటుంది! అయినా గ్రేడ్ 8 పియానో పరీక్ష దాటి ఈ దారిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందు పట్టాల్సింది ఆల్ఫ్రెడ్ గ్రూన్‌ఫెల్డ్ 'సోయిరే ద వియెన్'.

అది స్ట్రాస్ వాల్ట్జ్ వరసల మీద అల్లిన ఆరు నిమిషాల ముక్క. గ్రూన్‌ఫెల్డ్ వియెన్నాలో స్థిరపడ్డ పియానిస్టు, స్ట్రాస్ తన 'వాయిసెస్ ఆఫ్ స్ప్రింగ్' వాల్ట్జ్‌ని అంకితమిచ్చింది ఆయనకే. ఎంత అలంకారం చేసినా ఆయన నాట్యపు నడక చెడనివ్వడు. ఇందులో అసలు పరీక్ష ఎడమ చేతికి. ఒకటో బీట్‌కి లోతైన బాస్, రెండు మూడు బీట్లకి పైన కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాలు). వియెన్నా పద్ధతిలో రెండో బీట్ రవ్వంత ముందే పడాలి. చేయి బాస్ మీద ఆగిపోతే అది ఆలస్యమై వాల్ట్జ్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. దీనికి మందు: బాస్ కొట్టిన వెంటనే కార్డ్ మీటల మీదికి చేయి చేర్చి, వాటిని నొక్కకుండా ఆగండి. అలా పది బార్లు (మూడేసి బీట్ల గుంపులు) తడబాటు లేకుండా వచ్చాకే కార్డ్ మోగించండి. మెట్రోనోమ్‌ని బార్‌కి ఒక్క దెబ్బ చొప్పున 40 దగ్గర మొదలుపెట్టి 55 దాకా పెంచండి. బార్‌కి మూడు దెబ్బలు పెట్టుకుంటే మూడు బీట్లూ సమానంగా పడి, ఆ వియెన్నా ఊపు రానే రాదు.

షుల్ట్స్-ఎవ్లర్ ముక్క కష్టం వేరు. 'బ్లూ డాన్యూబ్' మొదటి వరస మన స్వరాల్లో 'స స గ ప ప'. దానికి పై స్థాయిలో 'ప ప, గ గ' అని జవాబు. ఇలాంటి మాటకీ జవాబుకీ నడుమ ఉండే ఖాళీల్లోకే ఈయన పరుగులు కుమ్మరిస్తాడు. చాలామంది ఆ పరుగులనే సాధన చేస్తారు. దాంతో చిన్న స్వరాలు పెద్ద గొంతుతో మోగుతాయి, వాటి కోసం లయ ఆగుతుంది, పాట కనబడకుండా పోతుంది. తిరగేసి చేయండి: మొదట పాట, బాస్ మాత్రమే అసలు వేగంలో వాయించండి. ఆపైన పరుగుల్ని పాటకన్నా రెండు మెట్లు తక్కువ శబ్దంతో, ఒక్కో బార్ చొప్పున చేర్చండి. పెడల్ బాస్‌తో పాటే మారాలి, పరుగు కోసం పట్టి ఉంచకూడదు. 61 మీటల కీబోర్డ్ మీద దీన్ని మొదలుపెట్టకండి. 88 మీటలు, సగం నొక్కుని గుర్తించే పెడల్ లేకపోతే ఇందులో సగం అందం వినపడదు.

కచేరీకి మాత్రం ఇదే మేలు. పియానో తెలియనివాళ్లు కూడా మొదటి వరసకే గుర్తుపడతారు.

స్ట్రాస్ వరసల మీద గొడోవ్‌స్కీ రాసిన 'సింఫనిక్ మెటామార్ఫోసిస్'లు పైకి ఇదే కోవలోవిగా కనిపిస్తాయి గానీ ఆ లోకం వేరు. 'కున్‌స్ట్‌లర్‌లేబెన్' అనే స్ట్రాస్ వాల్ట్జ్ మీద రాసినదాంట్లో ఒక వాల్ట్జ్ పాడుతుంటే, లోపలి గొంతుల్లో (పై స్వరానికీ బాస్‌కీ నడుమ నడిచే వరసల్లో) ఇంకో వరస వచ్చి కలుస్తుంది. వేగానికి మించి ఇక్కడ కావాల్సింది చెవి. ఒకే చేతిలో బొటనవేలి స్వరం ఒక బరువుతో, చిటికెన వేలి స్వరం మరో బరువుతో పలకాలి. సాధన కూడా అలాగే: ఒక గొంతు నోటితో పాడుతూ మిగతావి వాయించాలి. అలా పాడలేకపోతే ఆ పేజీ ఇంకా రానట్టే. బాఖ్ నాలుగు గొంతుల ఫ్యూగ్‌లు (ఒకే వరస ఒక్కో గొంతులో ఒకదాని వెంట ఒకటి వచ్చే రచనలు) తీరిగ్గా వాయించగలవాళ్లకి ఇంతకన్నా విలువైనది ఈ మూడింట్లో లేదు. మిగతావాళ్లకి నెలల శ్రమ తర్వాత మిగిలేది గందరగోళమే.

గ్రూన్‌ఫెల్డ్‌కీ షుల్ట్స్-ఎవ్లర్‌కీ నడుమ మెట్టు కావాలంటే, స్ట్రాస్ వాల్ట్జ్ 'మాన్ లెబ్ట్ నుర్ ఐన్‌మాల్' మీద లిస్ట్ శిష్యుడు టాసిగ్ రాసిన ముక్క ఉంది. 1927లో రాఖ్‌మనినోవ్ దాన్ని రికార్డు చేశాడు. స్కోర్ ముందు పెట్టుకుని ఆ రికార్డింగులో ఎడమ చేయి ఒక్కటే వినండి.