సెల్లార్‌లో కారు శుభ్రం: షాంపూ బకెట్ మేలా, రిన్స్‌లెస్ సీసా మేలా?

కారు రంగు వెలిసిందంటే అందరూ ఎండను తిడతారు. పొద్దున్నే తుడిచే తడిగుడ్డను ఎవరూ ఏమీ అనరు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒకే బకెట్, ఒకే గుడ్డ, వరసగా పది పన్నెండు కార్లు. మూడో కారు దగ్గరికి వచ్చేసరికి బకెట్‌లో నీళ్ళు టీ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు మట్టి ఒక్కదానిదే కాదు. హైదరాబాద్ నేలంతా గ్రానైట్. రాయి కొట్టినచోటల్లా, పునాదులు తవ్వినచోటల్లా లేచే దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది. కాఠిన్యం కొలిచే మోస్ స్కేలు మీద క్వార్ట్జ్‌ది 7, మామూలు అద్దానిది సుమారు 5.5. కారు రంగు మీదుండే పారదర్శక పొర, అంటే క్లియర్‌కోట్, అద్దం కంటే మెత్తన. దాని మందం చాలా కార్లకు 50 మైక్రాన్ల లోపే. నీడలో నిలబడి బానెట్ మీద ఫోన్ టార్చ్ వేసి చూడండి. వెలుగు చుట్టూ సాలెగూడులా కనిపించే సన్నని గీతలు ఆ గుడ్డ గీసినవే.

కాబట్టి కొనేటప్పుడు ఏది బాగా మెరిపిస్తుందని కాక, ఏది దుమ్మును రుద్దకుండా లేపుతుందని అడగాలి. మెరుపు సంగతి ఆ తర్వాత.

ముందు నీళ్ళ లెక్క

ఏ షాంపూ కొన్నా చివరికి కారు మీద ఆరేది నీళ్ళే. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిదని భారత ప్రమాణం చెబుతుంది. మన బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు చాలాచోట్ల దీన్ని దాటేస్తాయి. లెక్క తేలికే: 500 టీడీఎస్ (లీటరులో కరిగిన లవణాల మిల్లీగ్రాములు) ఉన్న నీళ్ళు అర లీటరు ఆరితే పావు గ్రాము తెల్లటి పొడి మిగులుతుంది. నల్లకారు మీద పావు గ్రాము చాలు, డోర్ల నిండా చుక్కలు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటొకటి ఉంది. ఆర్.ఓ. మెషీన్ బయటికి వదిలే నీళ్ళు వృథా ఎందుకని వాటితోనే కారు కడుగుతారు. తాగే నీళ్ళలోంచి తీసేసిన ఉప్పంతా చేరేది ఆ వృథా నీళ్ళలోకే. బోరు నీళ్ళకంటే అవి ఇంకా ముదురు. బాల్కనీ కడుక్కోండి, కారు జోలికి మాత్రం తేకండి. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు దానికి పూర్తిగా ఉల్టా. గాలిలోని తేమ చల్లబడి వచ్చినవి కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. సన్నని గుడ్డతో వడకట్టి క్యాన్‌లో పట్టి పెట్టుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది, కారేది తక్కువ. తొలకరి తర్వాత ఉక్కపోత రోజుల్లో నాలుగు లీటర్లు పోగవడం కష్టం కాదు. ఆ నాలుగు లీటర్లే ఎందుకో కింద తెలుస్తుంది. ఏసీ నీళ్ళు లేకపోతే మంజీరా, కృష్ణా నీళ్ళు మేలు.

షాంపూ, రెండు బకెట్లు

పాత పద్ధతి, సరిగ్గా చేస్తే ఇప్పటికీ మంచి పద్ధతి. ఒక బకెట్‌లో షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో ఉత్త నీళ్ళు. షాంపూ మోతాదు సీసా మీదే ఉంటుంది, చాలావాటికి పది లీటర్లకు 30 మి.లీ. అటూ ఇటూ. ముందు ఉత్త నీళ్ళు కొట్టి ఊడే దుమ్మంతా ఊడనివ్వాలి. తర్వాత చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్‌ను షాంపూలో ముంచి, ఒక డోర్ తుడిచి, ఉత్త నీళ్ళ బకెట్‌లో జాడించి, మళ్ళీ షాంపూలో ముంచాలి. స్పాంజ్ వద్దు. దాని అడుగు చదునుగా ఉంటుంది, ఇసుక రేణువు దూరే సందుండదు, డోరు పొడవునా ఈడ్చుకుపోతుంది.

షాంపూ బదులు గిన్నెల లిక్విడ్ వాడితే ఏమవుతుంది? ఒకసారికి కొంపేమీ మునిగిపోదు. జిడ్డుతో పాటు మీరు వేసిన వ్యాక్స్ కూడా పోతుంది, అంతే. అన్నీ తీసేసి మళ్ళీ మొదట్నుంచి వ్యాక్స్ వేయాలనుకున్న రోజు కావాలనే వాడేవాళ్ళూ ఉన్నారు. బట్టల సర్ఫ్ పొడి మాత్రం ముట్టొద్దు. క్షారం ఎక్కువ, కరగని పలుకులు గుడ్డలో ఇరుక్కుంటాయి. తలకు పెట్టుకునే షాంపూలో వెంట్రుకల మెత్తదనం కోసం వేసేవి అద్దాల మీద పొరలా మిగిలిపోతాయి.

ఈ పద్ధతిలో అసలు చిక్కు చోటుది. రెండు బకెట్లకు ముప్పై నలభై లీటర్లు, పైన ముందొకసారి, చివరొకసారి పైపు నీళ్ళు. ఇంట్లో వాడే చిన్న ప్రెషర్ వాషర్ నిమిషానికి ఆరు లీటర్ల దాకా తాగుతుంది, పది నిమిషాలకు అరవై. సెల్లార్‌లో ఆ నీళ్ళు పోయే దారి చాలా బిల్డింగుల్లో ఉండదు. పక్క కారు ఓనర్ ఊరుకున్నా అసోసియేషన్ సెక్రటరీ ఊరుకోరు. సొంత ఇల్లు, గేటు ముందు వాలు, నీడ ఉన్నవాళ్ళకే ఇది హాయి.

రిన్స్‌లెస్ వాష్

కడిగాక మళ్ళీ నీళ్ళు పోయక్కర్లేని ద్రావణం ఇది. ఇందులోని పాలిమర్లు దుమ్ము రేణువు చుట్టూ చేరి, అది రంగును గీరకుండా జారేలా చేస్తాయి. నురగ రాదు. నురగ లేకపోతే కడిగినట్టే ఉండదనే అలవాటు ఒక్కటి పోవాలి.

ఆప్టిమమ్ నో రిన్స్ లాంటివాటి మోతాదు 1కి 256. అంటే నాలుగు లీటర్ల నీళ్ళకు సుమారు 15 మి.లీ., దగ్గు మందు మూతతో కొలిస్తే సరిపోతుంది. అర లీటరు సీసా ముప్పై మూడు సార్లకు వస్తుంది. వేరే కంపెనీలది వేరే లెక్క, లేబుల్ చూసి కలపండి. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రమవుతుందని ఇంకో మూత వేస్తే బానెట్ నిండా జిడ్డు చారలు.

పని ఇలా సాగుతుంది. నాలుగు లీటర్ల ద్రావణంలో ఒక లీటరు మొక్కలకు కొట్టే చేతి పంపు స్ప్రేయర్‌లో పోయండి. మిగతాదాంట్లో ఎనిమిది మైక్రోఫైబర్ గుడ్డలు నానేయండి. ఇంజను, బానెట్ చల్లగా ఉండాలి, ఇప్పుడే తిరిగొచ్చిన కారైతే గంట ఆగండి. పైకప్పు నుంచి మొదలుపెట్టి ఒక భాగం మీద ధారాళంగా స్ప్రే చేసి నిమిషం, నిమిషంన్నర వదిలేయండి. దుమ్ము చారలు చారలుగా కిందికి జారడం కంటికి కనిపిస్తుంది. అప్పుడు ఒక గుడ్డ తీసి నాలుగు మడతలు వేయండి. నొక్కకుండా, గుడ్డ బరువుతోనే, ఒకే దిక్కుకు లాగండి. ఒక లాగుడుకు ఒక ముఖం, తర్వాత తిప్పండి. అటూ ఇటూ కలిపి ఎనిమిది ముఖాలొస్తాయి. మురికైన గుడ్డ తిరిగి బకెట్‌లోకి పోకూడదు. ఈ పద్ధతి ప్రాణమంతా ఆ ఒక్క నియమంలోనే ఉంది. వెంటనే పొడి గుడ్డతో తుడిచి పక్క భాగానికి వెళ్ళండి. డోర్ల కింది జానెడు, వెనక బంపర్ ఆఖరున. చక్రాలకు వేరే పాత గుడ్డ. అలవాటైతే అరగంట, ముప్పావుగంటలో అయిపోతుంది, నేల మీద చెంబెడు నీళ్ళు కూడా పడవు.

ఇది ఎక్కడ దెబ్బతింటుందంటే, వానలో బురద రోడ్డు మీద తిరిగొచ్చినప్పుడు. గట్టిపడిన బురదను ఏ పాలిమరూ మోయలేదు. ఆరోజు దగ్గర్లోని వాటర్ వాష్‌కు తీసుకెళ్ళి, ‘గుడ్డ పెట్టకు అన్నా, ఉత్త నీళ్ళు కొట్టు చాలు’ అని చెప్పి, ఇంటికొచ్చి మిగతాది రిన్స్‌లెస్‌తో చేసుకోవాలి.

వాటర్‌లెస్ పేరుతో అమ్మే రెడీమేడ్ స్ప్రేలు కారు మొత్తానికి వాడితే ఖర్చెక్కువ, ప్రమాదమూ ఎక్కువే. ఒక చిన్న సీసా డిక్కీలో పడుంటే పావురాల రెట్టకు పనికొస్తుంది. రెట్ట మీద తడి గుడ్డ పరిచి నాలుగైదు నిమిషాలు నాననిచ్చి ఎత్తేయాలి. గోకితే గీత. అలాగే ఎండలో వదిలేస్తే అందులోని ఆమ్లం క్లియర్‌కోట్‌ను తినేసి మచ్చ నిలిచిపోతుంది. కానుగ, వేప చెట్ల జిగురుకూ ఇదే వైద్యం.

తేల్చి చెప్పాలంటే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళకు రిన్స్‌లెస్సే. సందేహం అక్కర్లేదు. షాంపూ సీసా కొనాల్సింది నీళ్ళు పారే దారి ఉన్నవాళ్ళు, మట్టి రోడ్ల మీద రోజూ తిరిగేవాళ్ళు.

డబ్బా వ్యాక్సా, స్ప్రే కోటింగా

డబ్బాల్లో వచ్చే కార్నౌబా వ్యాక్స్ (ఒక జాతి తాటాకుల మైనం) కరిగేది 80 డిగ్రీలు దాటాకే. మే ఎండలో నిలబెట్టిన నల్ల బానెట్ ఆ దరిదాపులకు వెళ్తుంది కాబట్టి ఆరుబయట పార్క్ చేసే కారు మీద వ్యాక్స్ ఆయుష్షు వారాల లెక్కే. వేయడమూ ఓపిక పని: పలచగా పూసి, మసకబారే దాకా ఆగి, తుడవాలి. మందంగా పూస్తే తుడవలేక చేతులు పడిపోతాయి. నల్ల ప్లాస్టిక్ మీద పడితే తెల్లటి మరక ఒక పట్టాన పోదు. ఎర్ర, నల్ల కార్ల మీద మాత్రం ఆ లోతైన నిగనిగ ఇంకోదానికి రాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఎస్ఐఓ2 స్ప్రేలు (సిరామిక్ స్ప్రే అని అమ్మేవి) తేలిక. కడిగి ఆరిన కారు మీద ఒక్కో భాగానికి రెండు మూడు పిచికారీలు. ఒక గుడ్డతో పరిచి, ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో మెరిపించడమే. రెండు మూడు నెలలు నిలుస్తుంది. వేడి రేకు మీద కొడితే పరిచేలోపే ఆరి ఇంద్రధనుస్సు మరకలు కడుతుంది. అప్పుడు అదే స్ప్రే ఇంకాస్త కొట్టి వెంటనే తుడిస్తే చాలాసార్లు పోతాయి.

దుకాణంలో చెప్పని సంగతొకటుంది. ఈ కోటింగ్ మీద నీళ్ళు ముత్యాల్లా నిలబడటాన్ని వీడియోల్లో గొప్పగా చూపిస్తారు. ఉప్పునీళ్ళ ఊళ్ళో ఆ ముత్యమే శత్రువు. పల్చగా పరుచుకున్న నీటి ఉప్పు అంతటా పంచుకుపోతుంది. ముత్యంలోదంతా ఒక్క చుక్క దగ్గరే గడ్డకట్టి ఉంగరంలా మిగులుతుంది. కాబట్టి స్ప్రే వేసినవాళ్ళే కారును ఇంకా జాగ్రత్తగా తుడిచి ఆరబెట్టాలి. పొద్దున్నే లాన్ స్ప్రింక్లర్ తగిలే చోట పార్క్ చేయనే కూడదు. మచ్చలు కొత్తవైతే తెల్ల వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి, నీడలో, చల్లటి రేకు మీద తడిపి, నిమిషంలోపు మంచి నీళ్ళతో తుడిచేయండి. వేలికి గరుకు తగలకపోయినా మచ్చ కనిపిస్తుంటే అది రంగులోకి దిగినట్టే. పాలిష్ పట్టక తప్పదు, పాలిష్ అంటే ఆ పల్చటి క్లియర్‌కోట్‌లోంచి కొంత అరగదీయడమే. ఏడాదికోసారి పాలిష్ ప్యాకేజీ అంటగట్టేవాళ్ళ దగ్గర ఈ సంగతి గుర్తుంచుకోండి.

సెల్లార్ పార్కింగ్ ఉంటే రెండిట్లో స్ప్రే. వ్యాక్స్ డబ్బా ఇష్టమున్నవాళ్ళకు.

లోపల, చక్రాలు

డ్యాష్‌బోర్డుకు మెరుపు పాలిష్ కొనొద్దు. సిలికాన్ జిడ్డుకు దుమ్ము అతుక్కుంటుంది, మధ్యాహ్నం ముందు అద్దంలో డ్యాష్‌బోర్డు ప్రతిబింబం కనబడుతుంది. మ్యాట్ అని రాసి ఉన్న నీటి ఆధారిత క్లీనర్ చాలు, అది కూడా గుడ్డ మీద కొట్టి తుడవాలి. బటన్ల మీద నేరుగా కొడితే తడి లోపలికి దిగుతుంది. టైరుకూ నీటి ఆధారితమే. కొబ్బరినూనె రాసి మెరిపించేవాళ్ళున్నారు, సాయంత్రానికి దానికి పట్టే దుమ్ము వాళ్ళే చూస్తారు. నేలకు ఆనే ట్రెడ్ మీద ఏదీ రాయకూడదు. బైకు టైరుకైతే ఏదీ ఎక్కడా వద్దు.

గుడ్డల సంగతి

సీసాల మీద పెట్టే డబ్బులో సగం గుడ్డల మీద పెట్టండి. తుడవడానికి 300 నుంచి 400 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో), ఆరబెట్టడానికి 500 పైన, అంచుకు గట్టి కుట్టు లేనివి. పాత బనియన్ గుడ్డ నూలుదే అయినా దుమ్మును లోపలికి తీసుకోదు, పైనే ఉంచి రుద్దుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కట్టలుగా దొరికేవి కొంటే ఒకటి పాత సీడీ మీద రుద్ది చూడండి, గీత పడితే అది చక్రాలకే. కింద పడిన గుడ్డను దులిపి మళ్ళీ వాడకండి. ఉతికేటప్పుడు నూలు బట్టలతో కలపొద్దు, లిక్విడ్ డిటర్జెంట్ కొద్దిగా, ఫ్యాబ్రిక్ కండిషనర్ అసలే వద్దు. అది పోగుల సందులు మూసేస్తే గుడ్డ నీళ్ళు పీల్చడం మానేస్తుంది. ఆరేసేది నీడలో, బాల్కనీ దుమ్ము తగలని తీగ మీద.